1962లో నేఫా(ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్)లో పనిచేసిన మా నాన్నగారి యూనిట్ వివరాలు ఎలా దొరుకుతాయండీ?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారికి 84 ఏళ్ళు. చైనా యుద్ధంలో సేలా కనుమ దగ్గర సిగ్నల్స్‌లో, అంటే సైన్యంలో సమాచారాలు చేరవేసే విభాగంలో, వైర్‌లెస్ ఆపరేటరు. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు. మొన్న తుఫానుకి కరెంటు పోయి, ఫోన్లు మూగబోయాక అరుగు మీద కూర్చుని మొదలుపెట్టారు.

నవంబర్ 18 నాటికి సేలా చేజారింది. సెట్టు బ్యాటరీ అయిపోయింది. ఆయనా ఇంకో నలుగురూ భూటాన్ వైపు నడిచారట. 21న కాల్పులు ఆగాయి కదా, ఆ కబురు వీళ్ళకి చాలా రోజులు తెలీదు.

"వేళ్ళు కొయ్యబారి నీళ్ళ సీసా మూత తిప్పలేకపోయాన్రా. యుద్ధం ఉందో లేదో తెలీదు. హెడ్‌ఫోను మాత్రం పారెయ్యలేదు, ఎందుకో" అన్నారు. వెంటనే కొబ్బరికాయల రేటు అడిగారు. ఆయనంతే.

వేరే దారి పట్టిన తమిళ మిత్రుడు బతికాడో లేదో తెలుసుకోవాలని ఇప్పుడు ఆయన ఆరాటం. డిశ్చార్జ్ బుక్కు 1996 నవంబర్ తుఫానులో తడిసి ముద్దయింది, ఆర్మీ నంబరు సగమే కనబడుతోంది. నేఫా క్లాస్ప్ (రిబ్బను మీద పేరున్న పట్టీ) ఉన్న సైన్య సేవా మెడల్ ఉంది గానీ, అమ్మ ఏటా చింతపండుతో తోమి అంచు మీది అక్షరాలు అరగదీసింది.

సగం నంబరుతో జబల్‌పూర్‌లోని సిగ్నల్స్ రికార్డ్స్ ఆఫీసుకి రాస్తే జవాబు వస్తుందా? మిత్రుడి గురించి మేం అడగొచ్చా, వాళ్ళ ఇంటివాళ్ళే అడగాలా? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా వెళ్ళినవాళ్ళుంటే ఏ కాగితాలు పట్టుకెళ్ళారో చెప్పగలరా?