కయాక్‌కి ఇంట్లోనే తెరచాప కడదామనుకుంటున్నా: ఏది ముందు, ఏది తర్వాత?

కొత్తతెడ్డు అడిగారు:

నా దగ్గర 3.6 మీటర్ల ప్లాస్టిక్ కయాక్ ఉంది, పైన కూర్చునే రకం. వెడల్పు 78 సెంటీమీటర్లు. వెదురు కర్రకి టార్పాలిన్ ముక్క కట్టి చూశాను. గాలి వెనకనుంచి ఉన్నంతసేపు హాయిగా పోతోంది. తిరిగి రావాలంటే మాత్రం గుడ్డ చుట్టేసి తెడ్డు వేయడమే. పక్కగాలికి తిప్పితే ముందుకి పోవడం మానేసి పక్కకి జారిపోతోంది.

ఇప్పుడు 2 చదరపు మీటర్ల తెరచాప కుట్టాలని ఉంది. చేతిలో ఉన్న సామాను: 40 మిల్లీమీటర్ల అల్యూమినియం పైపు, 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కలు, కాస్త ప్లైవుడ్, ఒక పెద్ద టార్పాలిన్. కయాక్ ముందువైపు చేపల గాలం నిలబెట్టే గొట్టం ఒకటుంది. మాస్ట్ (తెరచాపని నిలబెట్టే స్తంభం) అందులో దించేస్తే సరిపోతుందా? ఖర్చు పెట్టగలిగేది తక్కువ, అందుకే ముందు దేని మీద పెట్టాలో చెప్పండి. రెడీమేడ్ కిట్ కొనుక్కోమని మాత్రం అనకండి. ఆ ధరలు చూశాకే ఇక్కడికొచ్చాను.

పాతమిస్త్రీ:

తెరచాప ఆఖరున చూద్దాం. మీ సమస్య గాలిలో లేదు, నీళ్లలో ఉంది. కయాక్ అడుగు నున్నగా, లోతు లేకుండా ఉంటుంది. పక్కగాలి తగలగానే తడిబండ మీద సబ్బుముక్కలా జారుతుంది. ఆ జారుడుకి అడ్డుపడేది లీబోర్డ్, అంటే పడవ పక్కన నీళ్లలోకి నిలువుగా దిగే పలక. అది లేకుండా ఎంత మంచి తెరచాప కట్టినా గాలి ఎటు తోస్తే అటే పోతారు.

నీళ్లలో మునిగే భాగం తెరచాప వైశాల్యంలో 5 శాతం ఉంటే చాలు. మీ 2 చదరపు మీటర్లకి 0.1 చదరపు మీటరు, అంటే 20 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల లోతు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు పలచగా రందా పట్టండి. ఈ పనికి ఒక సాయంత్రం పోతుంది, కానీ చదును పలకకీ దీనికీ ఉన్న తేడా మొదటిసారి ఎదురుగాలికి తిప్పగానే తెలుస్తుంది. ప్లైవుడ్ అంచులకి ఎపాక్సీ బాగా తాగించండి, నీళ్లు ఎక్కేది అక్కడినుంచే. రెండు వైపులా రెండు పలకలు అక్కర్లేదు, గట్టిగా బిగిస్తే ఒకటే రెండు వైపుల గాలికీ పనిచేస్తుంది. ఒకే ఒక లావుపాటి బోల్టు మీద, ఇరువైపులా పెద్ద వాషర్లతో బిగించండి. అడుగు తగిలితే పలక వెనక్కి లేవాలి, విరగకూడదు.

ఇక మాస్ట్. గాలం గొట్టంలో పెట్టకండి. ఎందుకో లెక్క వేసి చెబుతాను, నాకు లెక్క వేయనిదే డ్రిల్ పట్టుకునే అలవాటు లేదు. గంటకు 18 కిలోమీటర్ల గాలి 2 చదరపు మీటర్ల తెరచాప మీద దాదాపు 3.7 కిలోల తోపు తోస్తుంది. వినడానికి ఏమీ లేదు. అదే గాలి గంటకు 36 కిలోమీటర్లయితే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 15 కిలోలు. తెరచాప మధ్యభాగం డెక్ నుంచి 1.2 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే మాస్ట్ మొదట్లో 18 కిలో-మీటర్ల (కిలోలని మీటర్లతో గుణించిన లెక్క, దూరం కాదు) వంచే బలం, అంటే మీటరు దూరంలో 18 కిలోలు వేలాడదీసినంత. కయాక్ లోతు 30 సెంటీమీటర్లు. మాస్ట్‌ని డెక్ దగ్గరా అడుగునా రెండు చోట్ల పట్టుకుంటే అడుగున 60 కిలోలు, డెక్ దగ్గర 75 కిలోలు పడతాయి. గాలం గొట్టం అడుగు భాగం కయాక్ లోపల గాల్లో వేలాడుతూ ఉంటుంది, పైన రెండు మూడు చిన్న రివెట్లే దిక్కు. మీ పాత వెదురు గుడ్డకి అది చాలింది. 2 చదరపు మీటర్లకి డెక్ చిరిగిపోతుంది.

కాబట్టి డెక్ మీద చేతిమందం రంధ్రం చేసి, మాస్ట్ వదులుగా దూరే పీవీసీ గొట్టం అడుగుదాకా దించండి. అడుగున ఒక గట్టి ప్లాస్టిక్ దిమ్మె, డెక్ కింద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక. మీ 40 మిల్లీమీటర్ల పైపు గోడ మందం 2 మిల్లీమీటర్లుంటే ఈ బరువు నిశ్చింతగా మోస్తుంది. కర్టెన్లకి వాడే 1 మిల్లీమీటరు రకమైతే వంగుతుంది. అలాంటిదే మీ దగ్గరుంటే డెక్ దాటే చోట లోపల గట్టి కర్ర దిగ్గొట్టండి.

అసలు డబ్బంతా ఇక్కడ పెట్టండి: మాస్ట్ గొట్టం, చుక్కాని పిన్ను, బోల్టులు. తెరచాప చిరిగితే తెడ్డు వేసుకుని వస్తారు. ఇవి పోతే పడవకే గతి లేదు.

చివరి మొలక:

మిస్త్రీ గారు చెప్పింది నిజమే. ఒక్కమాట కలుపుతాను. మీ కయాక్ పాలీఇథిలీన్‌తో చేసింది. దానికి ఎపాక్సీ, ఫెవికాల్, సూపర్ గ్లూ ఏదీ నిలవదు, పొరలా ఊడి వచ్చేస్తుంది. దేన్ని బిగించాలన్నా బోల్టే. వెనక పెద్ద వాషరో పలకో పెట్టండి, మధ్యలో బ్యుటైల్ టేపు వేయండి, నీళ్లు దిగవు.

ఇంకో విషయం, కొందరు డ్రిల్ చేయడం ఇష్టంలేక కూర్చునే చోట నీళ్లు కారే రంధ్రాల్లోంచి బోల్టు దింపి లీబోర్డ్ కడతారు. నేను వద్దంటాను. డెక్, అడుగు అతుక్కునేది ఆ రంధ్రాల అంచుల్లోనే. పక్కకి లాగే బరువు పడితే మొదట పగిలేదీ అక్కడే. ఆ పగులు పైకి కనపడదు, కయాక్ బరువెక్కాకే తెలుస్తుంది. పడవ ఒరగకుండా పక్కన తేలే పైపు, అంటే ఔట్‌రిగ్గర్ పెడితే, లీబోర్డ్‌ని దాని అడ్డగొట్టానికి కట్టేస్తే డెక్‌కి రంధ్రమే అక్కర్లేదు.

కొత్తతెడ్డు:

ఔట్‌రిగ్గర్ తప్పనిసరా? 110 పైపులు ఉన్నాయి కాబట్టి రెండు వైపులా పెట్టగలను. కానీ అవి నీళ్లలో లాగి వేగం తగ్గిస్తాయని చదివాను.

పాతమిస్త్రీ:

1 చదరపు మీటరు తెరచాపకి అక్కర్లేదు. 2 చదరపు మీటర్లకి, ఒంటరిగా, 78 సెంటీమీటర్ల పడవ మీద అంటే నేనైతే లేకుండా వెళ్లను.

పైపు ఎంత బరువు తేలుస్తుందో చూద్దాం. 110 మిల్లీమీటర్ల పైపు 1.5 మీటర్ల ముక్కలో దాదాపు 14 లీటర్ల చోటుంది. పైపు బరువే 2 కిలోలు, మిగిలింది 12 కిలోలు. దాన్ని పడవ మధ్యగీత నుంచి మీటరు దూరంలో పెడితే 12 కిలో-మీటర్లు. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో మీ పడవని పడదోసే బలం 6 కిలో-మీటర్ల పైచిలుకు, సగం బలం ఇంకా చేతిలోనే ఉంటుంది. 27 కిలోమీటర్ల గాలికి అది 14 అవుతుంది, పైపు మొత్తం మునుగుతుంది. ఇక మీ ఒంటి బరువు అటు వంచడమే దారి. అదే 160 మిల్లీమీటర్ల పైపైతే 30 లీటర్లు, బరువు పోను 26 కిలో-మీటర్లు. 36 కిలోమీటర్ల గాలిదాకా నిలబెడుతుంది. ఆ గాలిలో మీరెలాగూ నీళ్ల మీద ఉండకూడదు, అది వేరే సంగతి. ఉన్న 110తోనే మొదలుపెట్టండి. గాలి పెరిగితే తెరచాప దించేయాలని గుర్తుంచుకుంటే చాలు.

లాగుడు గురించి చదివింది సగమే నిజం. పడవ నిశ్చలంగా ఉన్నప్పుడు రెండు పైపులూ నీళ్లకి మూడు నాలుగు సెంటీమీటర్లు పైన ఉండేలా కట్టండి. అప్పుడు వంగిన వైపుదే నీళ్లని తాకుతుంది. ముందు మూతి మొద్దుగా ఉంటే నీళ్లు తన్నుతాయి. పైపు కొసని వేడిచేసి రెండు చెక్కల మధ్య నొక్కి, పైకి వంచండి. ఆరుబయట చేయండి, పీవీసీ మాడితే వచ్చే పొగ మంచిది కాదు. మూతలు అతికించే ముందు లోపల మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసాలు వరసగా దోపండి. అతుకు కారినా పైపు మునగదు. పైన లేతరంగు పెయింటు వేయండి, ఎండకి పీవీసీ పెళుసెక్కుతుంది.

వేగం మీద ఆశ ఎక్కువ పెట్టుకోకండి. 3.6 మీటర్ల పడవ నీళ్లని తోసుకుంటూ హాయిగా పోయే వేగం గంటకు 8.5 కిలోమీటర్ల దగ్గర ఆగుతుంది. తెరచాప రెండింతలు చేసినా అది పెద్దగా కదలదు, తల్లకిందులయ్యే అవకాశం మాత్రం పెరుగుతుంది.

గాలివాటం:

టార్పాలిన్ తెరచాప మీద ఎవరూ మాట్లాడలేదు, నేను చెబుతాను. చదునుగా కోసిన గుడ్డ వెనకగాలికి సరిపోతుంది, ఎదురుగాలికి లాగదు. కాస్త పొట్ట కావాలి. పైకర్రకి కట్టే అంచు 2 మీటర్లయితే దాన్ని తిన్నగా కోయకుండా, మధ్యలో 4 నుంచి 5 సెంటీమీటర్లు బయటికి ఉబ్బేలా గీసి కోయండి. తిన్నటి కర్రకి కట్టగానే ఆ ఎక్కువ గుడ్డ లోపలికి వెళ్లి పొట్ట వస్తుంది. అంచులు డబుల్ సైడ్ టేపుతో మడిచి, పైన జిగ్‌జాగ్ కుట్టు వేయండి. ఒట్టి టేపు ఎండ వేడికి జరుగుతుంది. మూలల్లో మూడు పొరలు. ఆకారానికి నా ఓటు లగ్ తెరచాపకి, అంటే మాస్ట్‌కి తగిలించిన పైకర్రకి వేలాడే నాలుగు మూలల తెరచాపకి. మాస్ట్ పొట్టిగా ఉంటుంది, తాడు వదలగానే మొత్తం ఒళ్లోకి దిగిపోతుంది. హోబీ అడ్వెంచర్ ఐలాండ్ అనే రెడీమేడ్ తెరచాప కయాక్‌లో తెరచాప మాస్ట్ చుట్టూ చుట్టుకుంటుంది, చూడ్డానికి బాగుంటుంది, కానీ ఇంట్లో చేయాలంటే మాస్ట్ తిరిగే ఏర్పాటు కావాలి. మొదటిసారికి అంత టెన్షన్ ఎందుకు?

తాళ్లలో పాలిస్టర్ అల్లిక తీసుకోండి. నైలాన్ సాగుతుంది. పాలీప్రొపిలీన్ నీటి మీద తేలుతుంది కానీ ఎండకి పొట్టుపొట్టుగా రాలుతుంది. తెరచాపని పట్టి ఉంచే తాడు 8 మిల్లీమీటర్లది వాడండి. బలం కోసం కాదు, సన్నతాడు అరచేతిని కోస్తుంది. ఆ తాడుని దేనికీ ముడివేయకండి. ఈదురుగాలి వచ్చిన క్షణం చేతిలోంచి వదిలేయగలగాలి.

అల్యూమినియం మాస్ట్‌లో స్టెయిన్‌లెస్ బోల్టులు వేస్తే మధ్యలో ప్లాస్టిక్ వాషరు గానీ లానోలిన్ గ్రీజు గానీ పెట్టండి. ఉప్పునీళ్లలో ఆ రెండూ తగిలితే అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది.

కొత్తతెడ్డు:

లీబోర్డ్, పైపులు, మాస్ట్ గొట్టం అయ్యాయి. చుక్కాని రెక్క కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకతో చేశాను, చెక్క రంపానికి బాగానే తెగింది. లగ్ తెరచాపతో దింపి చూశాను, ఇప్పుడు పక్కగాలికి తిన్నగా పోతోంది! ఒకటే ఇబ్బంది: గాలి కాస్త పెరగ్గానే ముక్కు దానంతటదే గాలివైపు తిరిగిపోతోంది. చుక్కాని బలంగా లాగిపట్టుకోవాల్సి వస్తోంది. రెక్క పెద్దది చేయాలా?

పాతమిస్త్రీ:

రెక్క ముట్టుకోకండి. చుక్కాని అంత అడ్డంగా తిప్పి పట్టుకుంటే అది బ్రేకులాగే పనిచేస్తుంది. గాలి తోసే చోటు, నీళ్లు పట్టి ఆపే చోటు ఒకదానికొకటి ఎక్కడున్నాయో ముందు కొలవండి. తెరచాప ఆకారాన్ని చిన్నగా అట్టముక్క మీద కోసి గుండుసూది మొన మీద నిలబెట్టండి, అది తూగే చోటే గాలి తోపు కేంద్రం. రెండోదానికి, గాలిలేని పూట నడుములోతు నీళ్లలో లీబోర్డ్, చుక్కాని దించి, కర్రతో పడవని పక్కనుంచి తోయండి. ముక్కూ తోకా తిరక్కుండా మొత్తం పడవ పక్కకి కదిలే చోటు దొరికేదాకా కర్ర ముందుకీ వెనక్కీ జరపండి. అక్కడ సుద్దతో గీత గీయండి.

మీ పడవలో గాలి కేంద్రం ఆ గీతకి బాగా వెనకపడి ఉంటుంది. లీబోర్డ్‌ని వెనక్కి జరిపితే గీత కూడా వెనక్కి వస్తుంది. రెండూ ఒకదాని పైన ఒకటి, లేదా గాలి కేంద్రం రవ్వంత ముందు ఉండేలా చూసుకోండి. ముక్కు గాలివైపు తిరిగే గుణం మాత్రం పూర్తిగా పోకూడదు, చుక్కాని వదిలేస్తే ముక్కు మెల్లగా గాలివైపు తిరిగి పడవ ఆగాలి. మీరు నీళ్లలో పడినప్పుడు అది మిమ్మల్ని వదిలి పోకుండా ఉండడానికి అదే ఆధారం.

గాలివాటం:

పడడం అన్నారు కాబట్టి, మాస్ట్ కొసన 2 లీటర్ల ఖాళీ సీసా మూత బిగించి కట్టండి. పడవ పక్కకి పడినా పూర్తిగా తలకిందులయ్యే అవకాశం తగ్గుతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని, ఒడ్డు దగ్గరే కావాలని పడేసి ఎక్కడం అలవాటు చేసుకోండి. ఒడ్డునుంచి లోపలికి వీచే గాలిలో మొదటి పరీక్షలు వద్దు, ఏది ఊడినా అటే కొట్టుకుపోతారు.

కొత్తతెడ్డు:

గీత గీశాను. గాలి కేంద్రం దానికి 18 సెంటీమీటర్లు వెనకుంది. పలకని అంత దూరం జరిపితే నా మోకాలికి అడ్డం వస్తోంది. మాస్ట్ రంధ్రం ఇంకొకటి చేయాలా?

పాతమిస్త్రీ:

రంధ్రం వద్దు. లగ్ తెరచాపకి ఆ సుఖం ఉంది: పైకర్రని మాస్ట్‌కి తగిలించే ముడి వెనక్కి జరిపితే తెరచాప మొత్తం ముందుకి వస్తుంది. ముడి 10 సెంటీమీటర్లు జరపండి, కిందకర్రనీ అంతే ముందుకి లాగి కట్టండి. మిగతా 8 పలకతో సరిచేయండి. పలకకి శాశ్వతమైన బోల్టు రంధ్రాలు ఇప్పుడే పెట్టకండి, కొన్నాళ్లు యూ-క్లాంపు మీదే ఉంచండి.