ఆంగ్లో ఇండియన్ ఆంటీ బొమ్మ: వెనక యూనియన్ జాక్ (బ్రిటిష్ జెండా) పెట్టొచ్చా?

వాల్తేరు_కుంచె: మా వీధిలో ఉండే ఆంగ్లో ఇండియన్ ఆంటీ పోర్ట్రెయిట్ ఆయిల్‌లో వేస్తున్నా. వాళ్ల నాన్నగారు ఇక్కడే వాల్తేరులో రైలింజన్ డ్రైవర్‌గా చేశారట. ముఖం సగం తెల్లగా, సగం చామనఛాయలో వేసి, వెనక యూనియన్ జాక్ పెడదామని ఐడియా. ఎలా ఉంటుందంటారు?

రంగులపిచ్చి: వద్దు బాబూ. సగం సగం ముఖం సినిమా పోస్టర్‌లా ఉంటుంది. ఉన్న ఒంటి రంగు ఉన్నట్టే వెయ్యి, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, నీడల్లో కాస్త అల్ట్రామెరైన్ చాలు.

పాతబస్తీ_వైజాగ్: 1805లో మద్రాసులో జార్జ్ చిన్నరీ వేసిన కిర్క్‌పాట్రిక్ పిల్లల బొమ్మ చూడండి. తండ్రి హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్, అంటే నిజాం దగ్గర బ్రిటిష్‌వాళ్ల ప్రతినిధి, తల్లి ఖైరున్నీసా. ఇంగ్లండ్ పంపేముందు వేయించారు, పిల్లలిద్దరూ మన దేశపు దుస్తుల్లోనే ఉంటారు. అక్కడికెళ్లాక పేర్లు మారిపోయాయి, తల్లిని మళ్లీ చూడనే లేదు. ఇది తెలిశాక ఆ బట్టల్ని మామూలుగా చూడలేం, జెండా ఎందుకింక?

బీచ్‌రోడ్డు: బ్రిటిష్‌వాళ్లు 1947లో వెళ్లిపోయారు, ఆంటీ ఇక్కడే ఉన్నారు. లోక్‌సభలో ఆంగ్లో ఇండియన్లకుండే రెండు నామినేటెడ్ సీట్లు కూడా 2020లో పోయాయి. ఆవిడ నెత్తిన ఆ జెండా మనం ఎందుకు పెట్టడం? అసలు ఆవిడనే అడిగారా?

వాల్తేరు_కుంచె: ఇప్పుడే అడిగా. చర్చికి కట్టుకెళ్లే కంచిపట్టు చీరలో కూర్చుంటారట, వెనక ఖాళీ గోడే చాలన్నారు. జరీ మెరుపు ఆయిల్‌లో ఎలా తేవాలో ఎవరైనా చెప్పండి, అదే టెన్షన్‌గా ఉంది.