శాన్ డియేగో హార్బర్‌లో పాత ఓడలు: మోకాళ్ల నొప్పులున్న అమ్మతో చూడగలమా?

వచ్చే నెల అమ్మని, మా ఆరేళ్ల వాణ్ణి తీసుకుని శాన్ డియేగో వెళ్తున్నాం. ఒక రోజంతా హార్బర్ ఒడ్డున నడుస్తూ మారిటైమ్ మ్యూజియం చూడాలని ప్లాన్. నాకు అసలు ఆశ 'స్టార్ ఆఫ్ ఇండియా' మీదే. 1863లో కట్టిన ఇనుప తెరచాప ఓడ, మొదటి పేరు 'యూటర్పీ', ఒకప్పుడు వలస జనాన్ని న్యూజీలాండ్‌కి చేరవేసింది. 1898 నాటి 'బర్క్‌లీ' ఫెర్రీ కూడా అక్కడే ఉంది.

టెన్షన్ అంతా మెట్ల గురించే. ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక పాత ఓడ ఎక్కాం. కిందికి దిగే మెట్లు దాదాపు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అమ్మ రెండు మెట్లు దిగి, కమ్మీ గట్టిగా పట్టుకుని, "ఇక నా వల్ల కాదురా" అని అక్కడే ఆగిపోయింది. వెనక జనం, కింద నుంచి వీడి కేకలు!

అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: 'స్టార్ ఆఫ్ ఇండియా' పై డెక్ వరకైనా అమ్మ ఎక్కగలదా? ఆటుపోట్లని బట్టి ఎక్కే వంతెన వాలు మారుతుంది కదా, ఏ వేళకి వెళ్తే నయం? మేం కిందికి దిగినప్పుడు ఆవిడ 'బర్క్‌లీ'లో కాసేపు కూర్చోవచ్చా?

ఇంకొకటి. అదే ఒడ్డున 'మిడ్‌వే' విమానవాహక నౌక కూడా ఉంది. మావాడు విమానాలంటే పడిచస్తాడు. రెండూ ఒకే రోజు పెట్టుకోవడం అత్యాశేనా? ఒకవేళ కుదిరితే ముందు ఏది చూడమంటారు?