పెద్ద కంపెనీల వెంట పడుతూ కొత్తదనం పోగొట్టుకోకుండా ఉండేదెలా?

అందరికీ నమస్కారం. మాది చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. మొదట్లో కస్టమర్లంతా మాలాంటి స్టార్టప్‌లే. వారం వారం కొత్త ఫీచర్ వదిలేవాళ్లం, ఎవరికీ నచ్చకపోతే తీసేసేవాళ్లం. ఇప్పుడు బ్యాంకులు, ఇన్సూరెన్స్ సంస్థలు, ఫ్యాక్టరీల చుట్టూ తిరుగుతున్నాం. డబ్బు అక్కడే ఉంది మరి.

వాళ్లు అడిగేవి వేరు. సమాచార భద్రతకి ఇచ్చే ఐఎస్‌ఓ 27001 సర్టిఫికెట్, కస్టమర్ల డేటాని ఎలా కాపాడుతున్నామో బయటి ఆడిటర్ చూసి ఇచ్చే ఎస్‌ఓసీ 2 రిపోర్టు, చాంతాడంత సెక్యూరిటీ ఫారం. అవి న్యాయమైనవే, నాకేం పేచీ లేదు. చిక్కంతా ‘మా కోసం ఈ ఒక్క మార్పు’ దగ్గరే. ఒప్పందానికో కోడ్ బ్రాంచ్ (ఆ కస్టమర్ కోసమే విడిగా నడిపే కోడ్ కాపీ) పుడుతోంది, మంచి ఇంజినీర్లు వాటికి అతుకులు వేయడంలోనే ఉండిపోతున్నారు. ఎవరైనా కొత్త ఆలోచన చెబితే ‘ఫలానా కస్టమర్ ఒప్పుకోరేమో’ అన్నదే మొదటి మాట.

విమానాల కంపెనీ లాక్‌హీడ్ 1943లో మొదలుపెట్టిన స్కంక్ వర్క్స్ అనే ప్రయోగాల విభాగంలా విడిగా ఓ బృందం పెడదామా అంటే, మిగతావాళ్లు చిన్నబుచ్చుకుంటారని భయం. అమెరికా కంపెనీ త్రీఎంలోలా 15 శాతం సమయం సొంత ప్రయోగాలకి ఇద్దామంటే, డెలివరీ తేదీ దగ్గరపడగానే ముందు ఎగిరిపోయేది అదే.

ఈ దశ దాటినవాళ్లు చెప్పండి: ప్రత్యేక మార్పులకి ఎక్కడ గీత గీశారు? ఒప్పందంలోనే రాసుకున్నారా, ఎక్కువ రేటు చెప్పి తప్పించుకున్నారా? ఫీచర్ ఫ్లాగ్‌లతో (కస్టమర్‌ని బట్టి ఫీచర్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) అందరికీ ఒకే కోడ్‌బేస్ నడిపినవాళ్లుంటే, టెస్టింగ్ ఎలా నెట్టుకొచ్చారో కూడా కాస్త వివరంగా రాయగలరు.