ఫ్లాట్ వ్యాగన్ మీద కొలత మించిన సరుకు: ఏది ఎంచుకోవాలి, ఎలా తయారు చేయాలి?

ప్రశ్న (అంబత్తూరు సైడింగ్)

అందరికీ నమస్కారం. చెన్నై అంబత్తూరులో మా ఇంట్లో ఒక గదిలో హెచ్ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, మోడల్ రైలు లేఅవుట్ వేసుకున్నాను. ఉత్తర చెన్నై థర్మల్ కేంద్రాన్ని మనసులో పెట్టుకుని ఒక మూలన చిన్న విద్యుత్ కేంద్రాన్నీ దానికొక సైడింగునూ, అంటే ప్రధాన లైను నుంచి విడిపోయే పక్క పట్టానూ, కట్టాను. పట్టాలు మామూలు 16.5 మి.మీ. గేజివి, అంటే రెండు పట్టాల మధ్య దూరం అంత. అన్నిటికన్నా బిగుతైన వంపు వ్యాసార్ధం 457 మి.మీ. ఆ వంపు లోపలి వైపున, పట్టాల నడిమి గీతకు 24 మి.మీ. దూరంలో ఒక దీపస్తంభం ఉంది. దాన్ని దాటగానే సొరంగం మొదలవుతుంది.

నా దగ్గర అమెరికా నమూనా ఫ్లాట్ వ్యాగన్లు, అంటే గోడలూ పైకప్పూ లేని బల్లలాంటి వ్యాగన్లు, రెండు ఉన్నాయి. అవి 53 అడుగుల 6 అంగుళాల రకం, మోడల్ పొడవు 187 మి.మీ. వాటి మీద చూడగానే కళ్ళు నిలిచిపోయేంత పెద్ద సరుకు ఒకటి పెట్టాలని కోరిక. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, ఆవడిలో తయారయ్యే యుద్ధ ట్యాంకు, గాలిమర రెక్క అనే మూడు ఆలోచనలు ఉన్నాయి. వీటిలో ఏది తగినది? ఎంత వెడల్పు వరకు పోవచ్చు? బండి పట్టాలు తప్పకుండా బరువు ఎలా సర్దాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1 (పెరంబూరు గేజి)

అండీ, ఏ సరుకు పెట్టాలో తేల్చే ముందు మీ దారి ఎంత ఖాళీ ఇస్తుందో తేల్చాలి. అసలు రైల్వేలో కూడా పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. మనవాళ్ళు ఓడీసీ అని పిలిచే కొలత మించిన సరుకును, దారిలోని కట్టడాలకూ దానికీ మధ్య మిగిలే ఖాళీని బట్టి ఏ, బీ, సీ తరగతులుగా విడదీస్తారు. ఖాళీ అతి తక్కువగా మిగిలే సీ తరగతి సరుకును పగటిపూట మాత్రమే, తక్కువ వేగంతో, సిబ్బంది వెంట ఉండగా నడుపుతారు.

వంపులో వ్యాగన్ నడిమి భాగం లోపలికి జరుగుతుంది. ఎంత జరుగుతుందో తెలియాలంటే వ్యాగన్ అడుగున రెండు చివర్లా ఉండే చక్రాల చట్రాలు (వీటినే బోగీలంటారు) తిరిగే బిందువుల, అంటే పివట్ల, మధ్య దూరాన్ని దానితోనే హెచ్చించి, వచ్చినదాన్ని వంపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించాలి. మీ వ్యాగన్‌లో ఆ దూరం సుమారు 150 మి.మీ. ఉంటుంది. దాన్ని 457 వంపుకు లెక్కిస్తే 6 మి.మీ.కు కొంచెం పైన వస్తుంది. అమెరికాలో బండీ సరుకూ కలిపి మామూలుగా మించకూడని ప్లేట్ సీ అనే సాధారణ హద్దు 10 అడుగుల 8 అంగుళాల వెడల్పు, 15 అడుగుల 6 అంగుళాల ఎత్తు. హెచ్ఓలో అవి 37.3 మి.మీ., 54 మి.మీ. అవుతాయి. అందులో సగం వెడల్పు 18.65కి ఈ 6.15 కలిపితే 24.8 వస్తుంది. అంటే మీ దీపస్తంభం, హద్దుకు సరిగ్గా సరిపోయే మామూలు సరుకుకే తగులుతుంది. కాబట్టి ముందు ఆ స్తంభాన్ని 32 మి.మీ. దూరానికి జరపండి.

లెక్క ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అనుకున్న సరుకు కొలతలకు అట్టతో ఒక పెట్టె చేసి, వ్యాగన్ మీద అంటించి, చేత్తో తోస్తూ లేఅవుట్ అంతా తిప్పండి. సొరంగం ముఖద్వారం, ప్లాట్‌ఫారం అంచు, పక్క లైను మీద నిలబడి ఉన్న బండి, వీటిలో ఏది అడ్డొస్తుందో ఒక్క చుట్టులోనే తెలిసిపోతుంది.

సమాధానం 2 (విల్లివాక్కం యార్డు)

పైన చెప్పిన కొలతలతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే వెడల్పుతో పాటు బరువును కూడా ఆలోచించాలి. మోడల్ బరువు సంగతి తరువాత చూద్దాం, ముందు అసలు వస్తువు బరువు మాట. మీ వ్యాగన్‌కు నాలుగు ఇరుసులే ఉన్నాయి. ఆ రకం 70 టన్నుల తరగతిది, అంటే మన లెక్కలో సుమారు 63 మెట్రిక్ టన్నులు మోస్తుంది. మీరు అనుకుంటున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇనుప కోరూ రాగి చుట్లూ నిండి ఉంటాయి కనుక అది సులభంగా 100 టన్నులు దాటుతుంది. అటువంటిది నాలుగు ఇరుసుల బల్లబండి మీద కనిపిస్తే, విషయం తెలిసినవారికి వెంటనే కళ్ళలో గుచ్చుకుంటుంది. దానికి నడుము కిందికి దిగిన, ఇరుసులు ఎక్కువగా ఉన్న వ్యాగన్ కావాలి. ఇంకా బరువైనవాటికి ష్నాబెల్ వ్యాగన్లున్నాయి. వాటిలో సరుకే రెండు సగాల మధ్య వంతెనలా వేలాడుతుంది. జర్మనీ కంపెనీ క్రుప్ తయారుచేసిన సీఈబీఎక్స్ 800 అనే ష్నాబెల్ వ్యాగన్‌కు 36 ఇరుసులు.

ఎప్పుడైనా ట్రాన్స్‌ఫార్మర్ చేసినా, దానికి రేడియేటర్లు, తీగలు బయటికి వచ్చే పింగాణీ బుషింగులు, పైన నూనె డ్రమ్ము పెట్టకండి. రవాణాకు ముందు వాటిని విప్పి వేరుగా పంపుతారు. నూనె తీసేసి, పొడి గాలి గానీ నైట్రోజన్ గానీ నింపి, తెరుచుకున్న ప్రతి చోటా మూతపలక బిగిస్తారు. ఈ బోడి ఆకారమే నిజమైనది.

ట్యాంకు విషయానికి వస్తే, టీ-72 వెడల్పు 3.59 మీటర్లు, బరువు 41 టన్నుల దరిదాపు. కాబట్టి వ్యాగన్ మోస్తుంది, వెడల్పు కూడా హద్దు మించుతుంది. అయితే బజారులో తేలికగా దొరికే కిట్లు 1:72 స్కేలువి. వాటిలో అదే ట్యాంకు 50 మి.మీ. వెడల్పు ఉంటుంది, హెచ్ఓలో 41 ఉండాలి. ఈ తేడా కప్పిపుచ్చలేనిది. పైగా మీ సైడింగ్ వెళ్ళేది విద్యుత్ కేంద్రానికి. అక్కడికి యుద్ధ ట్యాంకు ఎందుకు వెళుతుంది?

గాలిమర రెక్క ఒక వ్యాగన్ మీద ఇమడదు. దాన్ని రెండు వ్యాగన్ల నడుముల మీద తిరిగే ఆధారాలపై (పివట్లపై) పెట్టి, వాటి మధ్య దూరం 200 మి.మీ. అనుకుంటే, రెక్క మధ్యభాగం 11 మి.మీ., దానికి తోడు పివట్ ఉన్న చోట వ్యాగన్ జరిగే 6, మొత్తం 17 మి.మీ. లోపలికి వస్తుంది. 457 వంపు మీద నేనైతే దాని జోలికి పోను.

నా సలహా ఏమిటంటే, ఆకారం పెద్దది, లోపల డొల్లది అయిన సరుకును ఎంచుకోండి. థర్మల్ కేంద్రంలో డీఏరేటర్ (నీటిలో కరిగిన గాలిని తీసే పరికరం) కింద ఉండే ఫీడ్‌వాటర్ ట్యాంకు, అంటే బాయిలర్‌కు వెళ్ళే నీటి ట్యాంకు, అటువంటిదే. 3.5 మీటర్ల వ్యాసం, 13 మీటర్ల పొడవుతో 20 మి.మీ. ఉక్కు రేకుతో చుట్టినా అది సుమారు 22 టన్నులే తూగుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ కంటికి నిండుగా ఉంటాయి. అది ఎక్కడికి వెళుతోందో ఎవరికీ చెప్పనవసరం లేదు.

సమాధానం 3 (మాంబళం వర్క్‌షాప్)

ఫీడ్‌వాటర్ ట్యాంకు సూచన చాలా బాగుంది. దీనికి దిగుమతి సామాను ఏదీ అక్కర్లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 40 మి.మీ. పీవీసీ పైపు బయటి వ్యాసం 1:87లో 3.48 మీటర్లకు సమానం. టేబుల్ టెన్నిస్ బంతి వ్యాసం కూడా 40 మి.మీ.యే కనుక, బంతిని సరిగ్గా నడిమికి కోసి రెండు సగాలనూ పైపు చివర్లకు అతికిస్తే గుండ్రటి మూతలు సిద్ధం. పైపు 110 మి.మీ. కోస్తే, మూతలతో కలిపి మొత్తం పొడవు 150 అవుతుంది. అతుకు దగ్గర సన్నటి గాడి మిగులుతుంది. దాన్ని ఎం-సీల్‌తో నింపి, ఆరాక ఎమ్రీ కాగితంతో వేలికి తగలనంత నునుపుగా రుద్దండి. పైపు మీద అచ్చువేసిన అక్షరాలు కూడా ఇప్పుడే పోవాలి, లేకపోతే రంగు వేశాక అవి మళ్ళీ పైకి కనిపిస్తాయి.

ట్యాంకును నేరుగా బల్ల మీద పెట్టరు. రెండు ఆధారాల మీద కూర్చోబెడతారు, ఆ ఆధారం ట్యాంకు చుట్టుకొలతలో సుమారు 120 డిగ్రీల మేర ఆనుకుంటుంది. 2 మి.మీ. స్టైరీన్ ప్లాస్టిక్ షీటులో 20 మి.మీ. వ్యాసార్ధంతో ఆ వంపు కోసి, ట్యాంకు ప్రతి చివర నుంచి 30 మి.మీ. లోపలికి ఒక్కొక్కటి నిలబెట్టండి. ట్యాంకు అడుగు బల్లకు 3 మి.మీ. పైన ఉండాలి. బల్ల ఎత్తు 13, ఈ ఖాళీ 3, ట్యాంకు 40 కలిపి 56 మి.మీ. అవుతుంది కనుక ఎత్తులోనూ హద్దు మించుతుంది. ఆధారాలను అట్టతో చేయవద్దు. మన చెన్నై ఉక్కకు నెల తిరగకుండానే అది వంకర పోతుంది.

ఈ మోడల్‌కు ప్రాణం పోసేది చిన్న వివరాలే. పైభాగంలో నాలుగైదు నాజిళ్ళు (పైపులు కలిపే పొట్టి గొట్టాలు) పెట్టి, ప్రతిదాని నోటికీ గుండ్రటి మూతపలక అతికించండి, ఎందుకంటే ప్రయాణంలో ఏ నోరూ తెరిచి ఉంచరు. ఒక మూతకు మ్యాన్‌హోల్, పైన ఎత్తడానికి రెండు కొక్కేలు, పక్కన బరువు మధ్యబిందువు గుర్తు, పంపినవారి గుర్తింపు సంఖ్య ఉండాలి. ఆధారాల పక్కన చెక్క దిమ్మెలు, ట్యాంకు మీదుగా 1 మి.మీ. వెడల్పు కాగితపు పట్టీలు, వాటి చివర టర్న్‌బకిల్ (పట్టీని బిగించే మర) వేసి వ్యాగన్ అంచు గుంటలకు కట్టండి. పట్టీ వదులుగా కనిపించకూడదు. దారం వాడితే ముందు మైనంతో రుద్దండి, లేకపోతే నూగు లేచి మోకులా కనిపిస్తుంది.

రంగు విషయంలో మెరుపు వద్దు. ఇటువంటి ట్యాంకులు చాలావరకు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూతతోనే ఫ్యాక్టరీ దాటుతాయి. వాన పట్టిన నవంబరులో స్ప్రే కొడితే పూత తెల్లగా మసకబారుతుంది, కాబట్టి పొడి రోజు చూసుకోండి.

ఇక బరువు. అమెరికా మోడల్ రైలు సంఘం ఎన్ఎంఆర్ఏ సూచన ప్రకారం హెచ్ఓ బండికి ఒక ఔన్సు, దానిపై ప్రతి అంగుళం పొడవుకు అర ఔన్సు చొప్పున ఉండాలి. మీ వ్యాగన్‌కు అది సుమారు 132 గ్రాములు. 2 మి.మీ. గోడ ఉన్న పైపు ముక్కే 37 గ్రాముల దాకా తూగుతుంది, అదంతా పైన ఉంటుంది. కాబట్టి ట్యాంకులో ఏదీ నింపకండి. టైర్ల దుకాణంలో చక్రం బ్యాలెన్సింగుకు అంటించే 5 గ్రాముల బిళ్ళలను వ్యాగన్ అడుగున, రెండు బోగీల మధ్య సమానంగా అతికించి మిగతా బరువు పూరించండి.

ప్రశ్నించినవారు (అంబత్తూరు సైడింగ్)

అందరికీ కృతజ్ఞతలు. దీపస్తంభాన్ని 32 మి.మీ.కు జరిపాను, 40 మి.మీ. వెడల్పు అట్టపెట్టె ఎక్కడా తగలకుండా తిరిగింది. ఇంకొక్క సందేహం: ట్యాంకును వ్యాగన్‌కు శాశ్వతంగా అతికించాలా? రైలులో దాని స్థానం ఎక్కడ?

సమాధానం 4 (విల్లివాక్కం యార్డు)

అతికించకండి. నిండుగా వెళ్ళిన వ్యాగన్ ఖాళీగా తిరిగి రావాలి కదా. ఆధారాల అడుగున రెండు సన్నటి ఇత్తడి పిన్నులు దిగేసి, బల్లలో వాటికి రంధ్రాలు చేస్తే సరుకు కదలదు, కావాలనుకున్నప్పుడు ఎత్తవచ్చు. పట్టీలను మాత్రం బల్లకు కాకుండా ఆధారాల కింద పరిచే ఒక పల్చటి స్టైరీన్ పలకకు కట్టండి, అప్పుడు అన్నీ కలిసి ఒక్క ముక్కగా లేస్తాయి.

రైలులో ఇంజనుకు దగ్గరగా, ముందూ వెనకా ఒక్కొక్క తక్కువ ఎత్తు వ్యాగన్ ఉండేలా పెట్టండి. మీ రెండో ఫ్లాట్ వ్యాగన్‌ను ఖాళీగా దీని పక్కన నడపడం మంచిది, సరుకు ఆకారం పూర్తిగా కనిపిస్తుంది. ఆ రైలు వంపులో ఉండగా పక్క లైను మీదికి ఇంకో బండిని పంపకండి. అసలు రైల్వేలో కూడా ఖాళీ చాలని చోట పక్క లైనును ఆపిన తరువాతే దీనికి దారి ఇస్తారు.