జైపూర్‌కి కొత్త: తక్కువ ధరలో లెదర్ రైడింగ్ జాకెట్ ఆన్‌లైన్‌లో కొనొచ్చా?

నమస్తే అండి. బదిలీ మీద ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జైపూర్ వచ్చాను. సెలవు దొరికితే బండి మీద సాలూరు ఘాట్ దిగి విజయనగరం వెళ్తుంటాను. ఆన్‌లైన్‌లో మూడు వేలకే లెదర్ జాకెట్లు కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?

  

కోరాపుట్ నుంచి: తమ్ముడూ, ఆ ధరకి వచ్చేది రెక్సిన్. పైన లెదర్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, కింద ఎక్కడో పీయూ (ప్లాస్టిక్ పూత) అని రాసుంటుంది. అసలు తోలు అమ్మేవాడు మందం చెప్తాడు. రైడింగ్‌కి ఆవు తోలో గేదె తోలో 1.2 మి.మీ.కి తగ్గితే వద్దు. షోకుకి వేసుకునే పల్చటి గొర్రె తోలు రోడ్డు మీద ఈడ్చుకుపోతే ఆగదు. భుజం, మోచేతి ప్యాడ్ల మీద ఈఎన్ (యూరప్ ప్రమాణం) 1621-1, వీపు ప్యాడ్ మీద 1621-2 అని ఉండాలి. చాలావాటిలో వీపు దగ్గర ఉత్త స్పాంజి ముక్క పెట్టి వదిలేస్తారు. జాకెట్ మొత్తానికైతే ఈఎన్ 17092 లేబుల్. అందులో ఏఏఏ అన్నిటికన్నా గట్టిది, తర్వాత ఏఏ, ఆ తర్వాత ఏ.

దామంజోడి నుంచి: కొనడం సరే, చేతికి అందాలి కదా! ఇంటినిండా మనుషులం ఉండగానే "కస్టమర్ అందుబాటులో లేరు" అని మెసేజ్. కొరియర్ ఆఫీసుకి వెళ్తే కుర్రాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "కాలి ఆసంతు" (రేపు రండి) అన్నాడు. మర్నాడు వెళ్తే తాళం. ఆ మర్నాడు పార్సిల్ దొరికింది కానీ, సంతకం పెడితే గానీ విప్పనివ్వనన్నాడు. మా ఆవిడ వీడియో తీస్తుంటే అక్కడే విప్పాను. కొత్త సైకిల్ సీటు వాసన. లోపలి జేబు అంచు తిరగేస్తే తెల్లటి నేత గుడ్డ, దాని మీద నల్ల పొర. తోలైతే అంచులో పీచు కనబడాలి. అమ్మినవాడు ట్యాగ్ తీసేశారు కాబట్టి వాపసు లేదన్నాడు. చెప్పిందొకటి, పంపిందొకటి అయితే వెనక్కి తీసుకోననడానికి 2020 ఈ-కామర్స్ రూల్స్ ఒప్పుకోవు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించి, వీడియో పెట్టాక డబ్బు వెనక్కి వచ్చింది. అందుకే క్యాష్ ఆన్ డెలివరీయే పెట్టండి.

రాయగడ నుంచి: క్యాష్ పెడితే మాత్రం? డబ్బు చేతిలో పెట్టాకే కదా విప్పనిచ్చేది. ఓపెన్ బాక్స్ డెలివరీ (తెచ్చినవాడి ముందే విప్పి చూసి తీసుకోవడం) ఉంటే అది పెట్టుకోండి. అసలు ఈ ఎండలకి లెదర్ ఎందుకండీ? ఏప్రిల్‌లో మా ఊరొచ్చి చూడండి. ఆ డబ్బుకి ప్యాడ్లున్న మెష్ (గాలాడే జాలీ గుడ్డ) జాకెట్ వస్తుంది.

కోరాపుట్ నుంచి: మీ రాయగడ వేరు, మాది 870 మీటర్ల ఎత్తు. డిసెంబర్ పొద్దున్న పొట్టంగి మంచులో మెష్ వేసుకుని రండి, మాట్లాడుకుందాం. వర్షాకాలంలో బూజు పడుతుంది, అదొక్కటే బాధ. కాస్త కొబ్బరినూనె రాస్తే పోతుంది.

రాయగడ నుంచి: కొబ్బరినూనె రాస్తే తోలు నల్లబడి ముక్కిన వాసన వస్తుంది! తడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి లెదర్ కండిషనర్ రాయాలి. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో పెట్టేవాళ్లకే బూజు ఎక్కువ.

కోరాపుట్ నుంచి: మా నాన్న చెప్పులకి జీవితాంతం కొబ్బరినూనే రాశారు.

రాయగడ నుంచి: చెప్పులకి రాసుకోండి, ఎవరు వద్దన్నారు.

సిమిలిగుడ నుంచి: అడిగినాయన సైజు సంగతి ఎవరూ చెప్పలేదు. ఛాతీ కొలత టేపుతో తీసుకుని ఆ అమ్మేవాడి చార్టుతోనే పోల్చండి, మీ చొక్కా సైజుతో కాదు. వేసుకున్నాక బండెక్కి హ్యాండిల్ పట్టుకుని చూడండి. మోచేతి ప్యాడ్ పక్కకి జరిగిందంటే ఆ రోజే రిటర్న్ పెట్టేయండి.