ఈఈజీ చూసి మెదడుకు రక్తం ఎంత అందుతుందో చెప్పొచ్చా? తెలిసినవాళ్లు సాయం చేయండి

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. పక్షవాతం వచ్చిన పేషెంట్ల మెదడుకు రక్తం ఎంత అందుతుందో ఈఈజీతో (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను రికార్డు చేసే పరీక్ష) అంచనా వేయడం మీద ఎంటెక్ ప్రాజెక్టు చేస్తున్న. డై ఇంజెక్షన్, స్కాన్ గది లేకుండా మంచం పక్కనే గంటల తరబడి చూడగలిగితే భూపాలపల్లి, ములుగు లాంటి చోట్ల ఎంత మేలో!

మామూలుగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 25-30కి పడిపోతే ఈఈజీలో ఆల్ఫా, బీటా అనే వేగమైన తరంగాలు తగ్గుతాయి. ఇంకా తగ్గితే డెల్టా అనే నెమ్మది తరంగం పెరుగుతుంది, 10-12 దగ్గర గీత దాదాపు చదునైపోతుంది. మెడలోని కెరోటిడ్ ధమని ఆపరేషన్లలో ఈఈజీ పెట్టేది ఇందుకే.

చిక్కంతా ఆ పైన ఉంది. 30కి, 50కి మధ్య ఈఈజీలో పెద్ద తేడా కనిపించదు, మరి అంకె ఎట్లా చెప్పాలి? నిద్రపోయినా, మత్తుమందు ఇచ్చినా కూడా డెల్టా పెరుగుతుంది. రక్తం తగ్గి వచ్చిన డెల్టాను దాన్నుంచి ఎట్లా విడదీస్తారు? కుడి ఎడమల తేడా చూద్దామంటే, రెండు వైపులా తగ్గినప్పుడు అది పనికిరాదు గదా.

పోల్చుకోవడానికి ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్ (కణత మీద నుంచి అల్ట్రాసౌండ్ పంపి మెదడు రక్తనాళాలను చూసే పరీక్ష) అనుకున్న. అది చెప్పేది రక్తం వేగమే, పరిమాణం కాదు. పైగా కొందరు పెద్దవాళ్లకు కణత ఎముక మందంగా ఉండి సిగ్నలే రాదు. అయినా ఈఈజీ, డాప్లర్ రెండూ ఒకేసారి రికార్డు చేసిన డేటా ఎక్కడైనా ఉచితంగా దొరుకుతుందా?

ఐసీయూలో ఈఈజీ తీసే టెక్నీషియన్లు, న్యూరాలజీ డాక్టర్లు ఎవరైనా ఉంటే, మత్తులో ఉన్న పేషెంట్ రికార్డులో మీరు ముందుగా ఏం చూస్తారో దయచేసి చెప్పండి. నాకు అన్నిటికన్నా అదే ముఖ్యం.